గుమ్మం ముందున్న ట్యాంకరు

మా కింది పోర్షన్‌లో యెమెన్ వాళ్ళు దిగారు. సాయంత్రమైతే కాఫీ గింజల పొట్టులో అల్లం దంచి వేసి కాస్తారు. ఆ వాసన మెట్లెక్కి నేను పనిచేసే వంటింట్లోకి వస్తుంది. గిన్నె తోముతున్న చేతులు ఆగిపోతాయి. మస్కట్‌లోని ఈ బౌషర్ పేటలోనే, సల్మా మేడమ్ ఇంట్లో, ఆ వాసన మధ్య చాలా ఏళ్ళు పనిచేశాను. ఆమె పోయి ఏడాది కావస్తోంది.

ఆమెదీ యెమెనే. అక్కడ స్కూలు టీచరు. యుద్ధం వచ్చాక కొడుకు దగ్గరికి మస్కట్ చేరింది. ఇక్కడ ఆమె పెట్టుకున్న పనికి జీతం లేదు. బాంబులు పడి ఇళ్ళూ మనుషులూ పోయినవాళ్ళు వైద్యానికో, బంధువుల దగ్గరికో వస్తే, పిలిచి కూర్చోబెట్టి జరిగింది రాసుకునేది. ఎప్పటికైనా ఏదో ఒక కోర్టు అడిగితే చూపించాలని. ముందుగా బాంబు సంగతి అడిగేది కాదు. కాగితం పెట్టుకుని, "తలుపు తీసుకుని లోపలికి రా. ఎడమ పక్క ఏముంది?" అనేది. వాళ్ళు చెబుతుంటే పొయ్యి, నీళ్ళ డ్రమ్ము, పిల్లలు పడుకునే చాప ఒక్కొక్కటే గీసేది. అక్షరం ముక్క రాని నాకు ఆ బొమ్మలు మాత్రం అర్థమయ్యేవి.

"మీ మేడమ్ ఇంజనీరా ఏంటే, ఎప్పుడు చూసినా ఇళ్ళు గీత్తానే ఉంటాది?" అంది ఓసారి పక్కింట్లో డ్యూటీ చేసే కోనసీమ సుబ్బమ్మ.

"కూలిపోయినాక గీసే ఇంజనీరు లేమ్మా," అన్నాను.

ఒకరోజు మేడమ్ నా చేతా మా కడప ఇల్లు గీయించి, గదుల పేర్లు నా భాషలో రాయమంది. చదువు లేదన్నాను. ఈ వయసులో ఎందుకన్నాను.

"మరి నీ ఇల్లు పడిపోతే ఎవరిని పిలిచి రాయిస్తావు, లక్ష్మీ?" అంది. ఆ శుక్రవారమే సుబ్బమ్మ దగ్గర అక్షరాలు మొదలుపెట్టాను.

తర్వాత ఫాతిమా అనే ఆమె వచ్చింది. ఇంటి మీద బాంబు పడి ఆమె భర్త చనిపోయాడు. అది ఆయుధాలు దాచిన ఇల్లని బాంబు వేసినవాళ్ళు ప్రకటించారు. కాదని రాయించడానికే వచ్చింది. ఇల్లంతా చెప్పింది. గుమ్మం ముందు ఏముందంటే "ఏమీ లేదు" అంది. మేడమ్ పొరుగువాళ్ళు పంపిన ఫోటో చూపించింది. శిథిలాల పక్కన పెద్ద ట్యాంకరు బోర్లా పడి ఉంది.

ఫాతిమా కాఫీ కప్పు కింద పెట్టేసింది. "ఆయనదే, టీచర్. వీధుల్లో నీళ్ళు అమ్మేవాడు. అది రాస్తే పెట్రోలనో మందుగుండనో అంటారు. చచ్చినవాణ్ణి దొంగను చేస్తారు. రాయొద్దు."

"మనం దాస్తే వాళ్ళు బయటపెడతారు. అప్పుడు వాళ్ళు పెట్టిందే దాని పేరు. మనమే చెబితే అది నీళ్ళ ట్యాంకరు."

"నీ ఇల్లు కాదు కాబట్టి చెబుతున్నావు."

మేడమ్ కాగితం ఫాతిమా వైపు తిప్పింది. పెన్సిలు ఆమె ముందుకు జరిపింది. చల్లారిన కాఫీ నేను మళ్ళీ వేడిచేసి తెచ్చేసరికి ఫాతిమాయే ట్యాంకరు గీస్తోంది. "కుళాయి వెనకవైపు ఉండేది. వీధి పిల్లలు దాని కింద తానాలాడేవాళ్ళు," అంది. మేడమ్ అదీ రాసుకుంది.

మేడమ్ గురించి రాద్దామని కూర్చుంటే మంచి మాటలే వరసగా వచ్చాయి. నేనూ ఫాతిమాలాగే గుమ్మం ముందు ఖాళీగా వదిలేస్తున్నానని కాసేపటికి తెలిసింది. ఊళ్ళో మా అక్క చావుబతుకుల్లో ఉందని ఫోనొచ్చినప్పుడు నా పాస్‌పోర్టు మేడమ్ అల్మరాలో ఉంది. "సలాలా ఊరి నుంచి ఒక ముసలాయన జరిగింది రాయించడానికి వస్తున్నాడు. ఆయనకు మళ్ళీ వీలుపడదు. ఇంట్లో నాకు మనిషి కావాలి. ఆ పనయ్యాక వెళ్ళు," అంది. నేను ఊరు చేరేసరికి అక్కను తీసుకెళ్ళిపోయారు. కడచూపు దక్కలేదు.

తిరిగొచ్చిన రోజు మేడమ్ తనే కాఫీ కాచి నాకిచ్చింది. క్షమించమని అనలేదు. కాగితం తీసి నా ఎదురుగా కూర్చుంది. "మీ అక్క ఇల్లు చెప్పు, లక్ష్మీ. తలుపు తీసుకుని లోపలికి రా."

కోపంతో ఆ రోజు నోరు విప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. తలుపు తీయగానే ఎడమ పక్క పొయ్యి. అక్కడ కూర్చుని మా అక్క సంకటి కెలికేది.