సూర్యుడు వణికాడా, కెమెరా వణికిందా?

2022లో నేను సూర్యుడి వాతావరణంలో పుట్టే అలల మీద పనిచేస్తున్నాను. ఈ పనికి కొండ మీద టెలిస్కోప్ ఉండాలనుకుంటారు చాలామంది. ఉపగ్రహం తీసిన చిత్రాలు కంప్యూటర్‌కే వస్తాయి కాబట్టి, సెలవుల్లో కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లోని మా ఇంట్లో నీడపట్టున కూర్చునే సూర్యుణ్ణి చూస్తాను.

ముళబాగిలు దగ్గరి రైతు కుటుంబపు అమ్మాయి హేమ నా దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. సన్‌స్పాట్ అంటే సూర్యుడి మీది నల్లమచ్చ. అలాంటి ఒక మచ్చ పైన వెలుగు కొన్ని నిమిషాలకోసారి పెరిగి తగ్గుతోందని ఆమె పట్టుకుంది. అది పైకి వెళ్తున్న అల అని వ్యాసం రాశాం. పత్రిక తరఫున చదివిన రివ్యూయర్ ఒక్క మాటతో దాని మీద నీళ్లు చల్లాడు: ఇది జిట్టర్ కావచ్చు. ఉపగ్రహంలోని కెమెరా సన్నగా వణకడమే జిట్టర్. అదే నిజమైతే హేమ థీసిస్‌లో సగం గాలికి పోయినట్టే.

ఆమె మొహం వేలాడేసుకుని మా ఇంటికి వచ్చింది.

"ఇంగ చాలు మేడమ్. కోలారు కాలేజీలో ఉద్యోగం ఉండాదంట, పోతాను."

నాకు ఒళ్లు మండింది. "ముందు సంగటి తిను. పోవడం తర్వాత చూద్దాం" అన్నాను.

వడ్డిస్తున్న మా అమ్మ, ఏమైందని హేమను అడిగింది. వణుకు అనగానే ఆమెకు గనుల రోజులు గుర్తొచ్చాయి.

"గనిలో బండ పగిలితే ఇంట్లో గిన్నెలన్నీ గలగలమంటా ఉండె పాపా."

"అప్పుడేం చేస్తా ఉండిరి అవ్వా?" అంది హేమ.

"ఏముండాది? బయటికొచ్చి పక్కింటోళ్లని అడిగేది, మీ ఇల్లూ అదిరిందా అని. వాళ్లు లేదంటే, మా అటక మీదికి పిల్లి దూరిందని నవ్వుకొని లోపలికి పోయేది."

హేమ చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. "మేడమ్, మనం పక్కింటిని అడగనే లేదు!"

నిజమే. కెమెరా వణికితే చిత్రమంతా ఒకేసారి వణకాలి. మేము మచ్చను కొలిచాం గానీ, దాని చుట్టుపక్కల చోట్లను కొలవలేదు. హేమ చెయ్యి కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది. సాయంత్రానికి వెలుగు గ్రాఫులో ఆ చోట్ల గీతలన్నీ చదునుగా వచ్చాయి. వణుకు మచ్చ పైనే ఉంది. అదీ సూర్యుడి వాతావరణపు కింది పొరలో ముందు, పై పొరలో కాస్త ఆలస్యంగా. అంటే అల పైకి వెళ్తోంది. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

"అయితే పిల్లి సూర్యుడి అటక మీదే ఉండాదన్నమాట" అంది అమ్మ.

వ్యాసం అచ్చయింది. అల ఉందని చెప్పాలంటే అల లేని చోటునూ అంతే శ్రద్ధగా చూడాలని ఆ పని నాకు నేర్పింది. నాకంటే బాగా హేమకు వంటబట్టింది. థీసిస్ చివరి పరీక్షలో "నీ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన బొమ్మ ఏది?" అని పరీక్షకుడు అడిగాడు. ఎగిరెగిరి పడే మచ్చ గీతను చూపిస్తుందనుకున్నాను. ఆమె దాని పక్కనున్న చదును గీత మీద వేలు పెట్టింది.

"ఇది సార్. ఇక్కడ ఏమీ జరగలేదు."