ముక్కుగారి ముఖం

బీరు కంపెనీలో ఆయన్ని అందరూ ముక్కుగారు అనేవాళ్ళు. అసలు పేరొకటి ఉండేది. దాంతో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన చేసే పని ఒక్కటే. రోజూ పొద్దున పదింటికి, కిటికీ లేని ఒక తెల్లగదిలో కూర్చుని, అమ్మకానికి వెళ్ళబోయే బీరు ఒక గుక్క నోట్లో పోసుకుని, అది గేటు దాటొచ్చో దాటకూడదో చీటీ మీద రాయడం. బయటివాళ్ళ కంటికి ఇది పూర్వజన్మ సుకృతం. "తాగినందుకు జీతం కూడానా?" అని పొరుగాయన కుళ్ళుకుంటే, "పరగడుపున, గోరువెచ్చటి బీరు, నెలకి ఇరవై ఆరు రోజులు తాగి చూడండి, తెలుస్తుంది" అనేవాడు ముక్కుగారు, సన్యాసం గురించి చెబుతున్నంత గంభీరంగా.

సన్యాసంతో పోలిక మరీ అన్యాయమేం కాదు. సిగరెట్టు లేదు, సెంటు లేదు, ఇంట్లో సబ్బుకి వాసన లేదు. ఆయన భార్య పెళ్ళైన కొత్తలో తలలో ఒక పువ్వు పెట్టుకుంటే, ఆయన ఆ పూట పక్కగదిలో పడుకున్నాడు. ఇన్ని త్యాగాలకి ప్రతిఫలంగా, ఏ ట్యాంకుని ఎవడు సరిగ్గా కడగలేదో ఒక్క గుక్కలో చెప్పేవాడు. ఒక్కోసారి కడిగినవాడి పేరు కూడా చెప్పేవాడు.

ఆ గదిలో రెండో కుర్చీ ఆయన బావమరిదిది, అంటే ఆవిడ తమ్ముడిది. పన్నెండేళ్ళ కిందట ముక్కుగారే తెచ్చి కూర్చోబెట్టాడు. నియమం ఏమిటంటే, ఇద్దరూ చీటీ రాసేదాకా పెదవి విప్పకూడదు. నియమం రాసిన పెద్దమనిషి నోటి గురించి ఆలోచించాడుగానీ కళ్ళ సంగతి మరిచిపోయాడు.

ఆ ఏడు వానల్లో ముక్కుగారికి నాలుగు రోజులు జ్వరం వచ్చింది. జ్వరం వెళ్తూ వెళ్తూ వట్టి చేతుల్తో వెళ్ళలేదు. ఐదో రోజు ఆవిడ స్టవ్ మీద పాలు పెట్టి, కాస్త కనిపెట్టి ఉండమని పక్కింటికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మాడు కంపు వీధి మలుపు దాకా వచ్చి ఆవిడకి ఎదురైంది. ఇంట్లో ముక్కుగారు వంటగదికి వీపు పెట్టి పేపరు చదువుతున్నాడు.

"ఏమండీ, మీకేం వాసన రావట్లేదా?"

"ఏం రావాలి?"

ఆవిడ స్టవ్ ఆపి, కిటికీలు తెరిచి, ఆయన ఎదురుగా కూర్చుంది. "తమ్ముడితోనైనా చెప్పండి" అంది.

"వాడితో చెబితే వాడి ముఖం మీద కనిపిస్తుంది. తెల్లారేసరికి మేనేజరు చదివేస్తాడు. జలుబు చేసిన ముక్కు తెరుచుకోదూ? ఇదీ అంతే."

తెరుచుకోలేదు. ఆయనకి వేరే విద్య రాదు. ఉన్న ఆస్తల్లా ముక్కే. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. గుక్క నోట్లో పోసుకుని బావమరిది ముఖం చూసేవాడు. బీరు నచ్చితే వాడి ఎడమ కనుబొమ్మ దిగుతుంది. నచ్చకపోతే గొంతులో ముడి ఎక్కి దిగుతుంది. దాన్నిబట్టి చీటీ. అలా గడిచిన రెండు నెలల్లో చెడ్డ బీరు రాలేదు గనక పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసింది.

బావమరిది మాత్రం పన్నెండేళ్ళుగా ఈయన ముఖం చూసే చీటీ రాస్తున్నాడు. అది ఈయనకి తెలీదు.

అప్పుడు 'వెన్నెల' వచ్చింది. కంపెనీ కొత్తగా, ఆర్భాటంగా వదిలిన బీరు. ట్యాంకు కడిగిన బ్లీచింగు నీళ్ళు సరిగ్గా పోకుండానే అందులో బీరు నింపారని తర్వాత తేలింది. ఆ పొద్దున ముక్కుగారు గుక్క పుచ్చుకుని తదేకంగా చూశాడు. బావమరిది గొంతులో ముడి ఎక్కింది. ఈయన ప్రశాంత వదనం చూసి మెల్లగా దిగింది. తర్వాత కనుబొమ్మ కూడా దిగింది. ఇద్దరూ 'బాగుంది' అని రాశారు.

వారం తిరక్కుండా ముక్కుగారు తమ వీధి చివర బారులో ఓ మూల కూర్చున్నాడు. బల్లల మీద సగం గ్లాసులు వరసగా నిలబడి ఉన్నాయి.

"ఇది తాగడానికిచ్చాడా, పుక్కిలించడానికా?" అన్నాడొకడు.

"కిందటేడు నా కాలికి కట్టు కట్టారు చూడు, అచ్చం అదే వాసన."

"పోనీ, ఊరికే ఇస్తే?"

"ఊరికే ఇస్తున్నారని ఆసుపత్రికి పోతామట్రా? ఇంకోసారి దీని మొహం చూడను."

ముక్కుగారు తన గ్లాసులో 'వెన్నెల' చివరి చుక్కదాకా తాగాడు. ఆయనకి చల్లగా ఉంది, అంతే. సర్వరు ఖాళీ గ్లాసుకేసీ ఆయనకేసీ మార్చి మార్చి చూసి, "ఇంకోటి... తెమ్మంటారా?" అన్నాడు, పిచ్చివాడితో మాట్లాడినంత నెమ్మదిగా.

మర్నాడు మేనేజరు ఇద్దర్నీ పిలిచాడు. రెండు చీటీలూ బల్ల మీద పెట్టాడు.

"తప్పు నాది సార్" అన్నాడు బావమరిది. "నాకు తేడా తెలిసింది. బావ ముఖం చూస్తే నిశ్చింతగా ఉంది. నా నాలుకే చెడిందనుకున్నాను. ఆయన్నేం అనకండి."

ఇక్కడ ఊరుకుంటే ముక్కుగారి కుర్చీ నిలబడేది. ఆయన తలుపుకేసి తిరిగాడు కూడా.

"నా ముక్కు పోయి రెండు నెలలైంది సార్" అన్నాడు చివరికి. "వీడి ముఖం చూసి నేను రాస్తున్నాను."

మేనేజరు చీటీలు తిరగేసి చూశాడు. "అయితే ఆ గదిలో బీరుని ఎవరూ పట్టించుకోవట్లేదన్నమాట."

ముక్కుగారిని ఆ రోజే ఇంటికి పంపేశారు. బావమరిదికి ఒక్క అవకాశం ఇచ్చారు. సోమవారం ఒంటరిగా కూర్చుని, ఐదు గ్లాసుల్లో ఏది ఎందుకు చెడిందో చెప్పాలి. చెప్పలేకపోతే వాడూ ఇంటికే. నలభై ఆరేళ్ళవాడు, వాడికీ వేరే పని రాదు.

గేటు దగ్గర బావమరిది ఒక్క మాటే అన్నాడు. "నాతో చెప్పుంటే నీ గ్లాసు కూడా నేనే చూసేవాణ్ణి కదా బావా." జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం అక్క పిలిస్తే వచ్చాడు. మర్నాటి పరీక్షకి సాధనగా, ఆవిడ వంటింట్లో నాలుగు గ్లాసుల్లో నాలుగు రకాల బీరు నింపి తెచ్చింది. వాడు మొదటిది ఎత్తాడు, గుక్క తీసుకున్నాడు, తలెత్తాడు.

"నన్ను చూడకు" అన్నాడు ముక్కుగారు.

"చూడట్లేదు."

"మరి కళ్ళెక్కడున్నాయిరా?"

"అలవాటు బావా. ఏం చెయ్యను?"

ముక్కుగారు లేచి, తన కుర్చీ గోడకేసి తిప్పుకుని కూర్చున్నాడు. గోడకి సున్నం పెచ్చులూడి ఉంది. ఆయన దాన్నే చూస్తున్నాడు. వెనక ఇంకో గుక్క మింగిన చప్పుడు వినిపించింది.

"ఇది వెన్నెల" అన్నాడు బావమరిది. "ఆసుపత్రి వరండా వాసన. అవునా బావా?"

"నాకేం తెలుసురా?"

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. అక్క మాత్రం, "అదే" అంది.

రెండో గ్లాసుకి, "బాగానే ఉండేది. ఎండలో పెట్టి పాడు చేశారు" అన్నాడు వాడు. అవునా అని అడగలేదు. మూడోది నాలిక మీద పడీపడగానే చెప్పేశాడు. నాలుగోదానికి అక్క వాసన చూసి ఒకటంది, వాడు కాదన్నాడు. ఆవిడ మళ్ళీ చూసి ఒప్పుకుంది. ఇద్దరూ దాని గురించి తగువులాడుకుంటూ, మధ్యలో నవ్వుకుంటూ, గ్లాసులు కడగడానికి వంటింట్లోకి వెళ్ళారు.

ఇటు తిరగమని ఎవరూ అనలేదు. ముక్కుగారు గోడకేసే కూర్చుని ఉన్నాడు.