బడ్ గుచ్చుకుందని చెప్పాను

ఏదో తేడా జరిగిందని నాకు తెలిసింది ఒక సోమవారం ఉదయం, ఆఫీసులో ఫోను ఎత్తినప్పుడు. అలవాటుగా రిసీవర్ ఎడమ చెవికి పెట్టుకున్నాను. అవతల ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తోంది గానీ ఒక్క మాటా అర్థం కాలేదు. కుడి చెవికి మార్చాను. "మేడమ్, జావా కొత్త బ్యాచ్ ఎప్పుడు?" అని స్పష్టంగా వినిపించింది. ఎడమ చెవిలో మాత్రం సన్నని ఈల, ఆగకుండా.

అప్పుడు నేను అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్‌లో రిసెప్షనిస్టుని. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు మెట్ల మీద దాకా నిలబడేవాళ్లు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉండేదాన్ని. వాళ్లెవరికీ నా పేరు తెలియదు. మాది ఏలూరు వైపు. పెళ్లయ్యాక ఆయన ఉద్యోగం కోసం వచ్చి, యూసుఫ్‌గూడలో రెండో అంతస్తులో అద్దెకున్నాం.

ముందురోజు మధ్యాహ్నం, భోజనాల దగ్గర, ఆయన నా చెంప మీద కొట్టారు. మా అమ్మతో ఫోనులో ఎక్కువసేపు మాట్లాడానట. కొట్టడం అది మొదటిసారి కాదు. అరచెయ్యి చెవి మీద పడి లోపల టప్‌మనడం మాత్రం మొదటిసారి.

మూడు రోజులు చూశాను. ఈల తగ్గలేదు. పంజాగుట్టలో ఒక ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. మా ఆయన కూడా వచ్చారు. డాక్టరు యాభై దాటిన ఆవిడ. చెవిలోకి లైటు వేసి చూసి, "కర్ణభేరికి చిల్లు పడింది. పర్ఫొరేషన్. ఎలా తగిలింది?" అని అడిగారు.

"చెవిలో బడ్ గుచ్చుకుందండీ" అన్నాను.

ఆవిడ ఒకసారి నా పక్కన కూర్చున్న ఆయన వైపు చూశారు. తర్వాత నేను చెప్పిందే కేసు షీటులో రాశారు.

ఆడియోమెట్రీ అని ఒక పరీక్ష చేశారు. చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కుడివైపు నొక్కుతూనే ఉన్నాను. ఎడమవైపు వచ్చేసరికి చాలాసేపటిదాకా నొక్కే పని పడలేదు. పరీక్ష ఇంకా మొదలవలేదేమో అనుకున్నాను.

"కండక్టివ్ హియరింగ్ లాస్. అంటే శబ్దం లోపలికి సరిగా చేరడం లేదు. చిల్లు చిన్నదే, చాలామందికి దానంతటదే పూడుతుంది. మూడు నెలలు చుక్క నీళ్లు లోపలికి పోకూడదు. ముక్కు గట్టిగా చీదకండి" అన్నారు డాక్టరు.

దూదికి వాసెలిన్ రాసి చెవిలో పెట్టుకుని తలస్నానం చేసేదాన్ని. ఒక చెవి వినిపించకపోతే మనుషులు ఎటునుంచి పిలుస్తున్నారో తెలియదు. రోడ్డు దాటుతుంటే హారన్లు అన్నీ ఒకవైపు నుంచే వచ్చినట్టుండేవి. ఆఫీసులో ఎడమవైపు కూర్చునే అమ్మాయి రెండుసార్లు ఏదో అడిగి, జవాబు రాక, పొగరనుకుని మానేసింది. నేనూ చెప్పుకోలేదు. అమ్మకు ఫోను చేయడం తగ్గించాను. ఇంట్లో కూడా మాట్లాడే పని లేకుండా చూసుకునేదాన్ని.

రెండు నెలలకు చిల్లు సగానికి పైగా పూడిందని డాక్టరు చెప్పారు. ఆ వారంలోనే, బస్సు దొరక్క అరగంట ఆలస్యంగా వచ్చినందుకు, మళ్లీ అదే చెంప మీద పడింది. నాలుగు రోజులకు చెవిలోంచి చీము, జ్వరం.

ఆ జ్వరంతో మెట్లు దిగుతుంటే కింద వాటాలో కుట్టుమిషన్ పెట్టుకున్న పద్మక్క ఆపింది. వాళ్లది సిరిసిల్ల. అప్పటిదాకా నేను ఆమెకు జాకెట్లు ఇవ్వడం, తీసుకోవడం తప్ప మాట్లాడింది లేదు.

"జర కూసో చెల్లె. నీ చెవుల దూది ఎందుకున్నదో నాకెరుకే. పైన ఏమైనా కిందికి ఇనబడ్తది. ఇన్ని దినాలు అడగకపోవుడు నా తప్పే" అంది.

నేను జాకెట్టు కొలతల గురించి ఏదో మాట్లాడాను. ఆమె ఆటో పిలిచింది. డాక్టరు దగ్గరికి ఈసారి ఆయన లేకుండా వెళ్లాను.

డాక్టరు చీము శుభ్రం చేసి, కుర్చీ నా కుడివైపుకు జరుపుకుని కూర్చున్నారు. "చిల్లు పెద్దదైంది. ఇక దానంతటది పూడదు. టింపానోప్లాస్టీ అని ఆపరేషను చెయ్యాలి. చెవి పైనుంచి చిన్న పొర తీసి గ్రాఫ్ట్ వేస్తాం. ఆ గ్రాఫ్ట్ మీద ఇంకో దెబ్బ పడితే నేను చెయ్యగలిగింది ఉండదు. ముందు దెబ్బ ఆగాలి. ఇప్పుడు చెప్పండి, ఎలా తగిలింది?"

చెప్పాను. రెండు సంగతులూ చెప్పాను. ఆవిడ తేదీలతో రాశారు. "మొదట రాసింది కొట్టెయ్యను. ఇవాళ మీరు చెప్పింది దాని కింద రాస్తున్నాను. గృహహింస మీద కొత్త చట్టం వచ్చింది. ప్రభుత్వం ప్రొటెక్షన్ ఆఫీసరని ఒకరిని పెట్టింది. వెళ్లి కలవండి" అన్నారు.

వారం రోజులు వెళ్లలేదు. వెళ్లాక, ఆ ఆఫీసులో బెంచీ మీద కూర్చుని రెండుసార్లు లేచి వచ్చేయబోయాను. ప్రొటెక్షన్ ఆఫీసరమ్మ దగ్గర ఫారం కొత్తది, ఆవిడా అప్పుడప్పుడే నేర్చుకుంటున్నట్టుంది. కొట్టడం, తిట్టడం, బయటికి పొమ్మనడం, ఒక్కోటీ చదివి నా మొహం చూసేవారు. నేను తలూపితే గుర్తు పెట్టేవారు.

"ఆయన్ని జైల్లో పెడతారా?" అని అడిగాను.

"లేదమ్మా. ముందు నిన్ను కొట్టొద్దని, ఇంట్లోంచి పంపొద్దని కోర్టు ఆర్డరిస్తది. అది దాటితేనే కేసు. వకీలును సుత ప్రభుత్వమే ఇస్తది. ఫికర్ చెయ్యకు" అన్నారు.

తన పేరున కోర్టు నోటీసు వచ్చిన రోజు నుంచి ఆయన నాతో మాట్లాడటం మానేశారు, కొట్టడం కూడా. అమ్మకు ఎవరో చెప్పారు. "ఏంటే, కోర్టుకెక్కావా? చెల్లెలి పెళ్లి మాటలు జరుగుతున్నాయని తెలీదా?" అని ఫోను పెట్టేసింది. ఆ తర్వాత అటునుంచి ఫోను లేదు.

మొదటి వాయిదాకు ఒక్కదాన్నే వెళ్లాను. వరండాలో బంట్రోతు పేరు పిలిచాడట, ఎడమవైపు నుంచి. నాకు వినపడలేదు. అడిగేసరికి వాయిదా పడిపోయింది. నలభై రోజులు. ఆ నలభై రోజులు ఒకే ఇంట్లో, వంటింట్లో పడుకుంటూ గడిపాను.

రెండోసారి పద్మక్క తోడొచ్చింది. బోనాల ముందు ఆమెకు ఊపిరాడనంత పని. మిషన్ మూసేసి వచ్చి నా ఎడమవైపు కూర్చుంది. ఆయన లాయరు నా కేసు షీటు తీసి, "బడ్ గుచ్చుకుందని ఈమే చెప్పింది" అన్నారు. మేజిస్ట్రేటు నన్ను అడిగారు.

"అవునండీ, అబద్ధం చెప్పాను. అప్పుడు ఆయన నా పక్కనే కూర్చున్నారండీ" అన్నాను.

ఎంత గట్టిగా మాట్లాడుతున్నానో తెలియక అరిచినట్టున్నాను. కోర్టు హాలంతా తిరిగి చూసింది. నన్ను కొట్టొద్దని, ఇంట్లోంచి పంపొద్దని ఆ రోజే ఆర్డర్ వచ్చింది. పది రోజులకు ఆయన బట్టలు సర్దుకుని స్నేహితుడి గదికి వెళ్లిపోయారు.

ఆపరేషను ప్రభుత్వాసుపత్రిలో, అదే డాక్టరు రాసిన చీటీతో చేయించుకున్నాను. లోకల్ అనస్థీషియా, చెవి వరకే మత్తు. లోపల గీరుతున్న చప్పుడు తలంతా వినిపించింది. "పేషెంటు తరఫున ఎవరమ్మా?" అని నర్సు కేకేస్తే, "నేనే" అని పద్మక్క సంతకం పెట్టింది. ఆ కాగితంలో 'సంబంధం' అన్న గడిలో ఏం రాసిందో నేను చూడలేదు.

రెండేళ్లయింది. గ్రాఫ్ట్ అతుక్కుంది. మెత్తగా మాట్లాడితే ఎడమ చెవికి ఇప్పటికీ అందదు. అదే ఇంట్లో ఉంటున్నాను, అదే ఉద్యోగం. ఆదివారాలు బరువుగా ఉంటాయి. అన్నం ఒక్కదానికే వండుకోవడం ఇంకా రాలేదు, మిగిలిపోతుంది. భయం పోయినంత తేలిగ్గా ఒంటరితనం పోలేదు. ఈ మధ్య చెల్లెలు ఒకసారి ఫోను చేసింది. అమ్మ పక్కనే ఉందని చెప్పింది గానీ ఇవ్వలేదు.

ఇది చదివే ఆడవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. దెబ్బ తగిలి డాక్టరు దగ్గరికి వెళితే, తోడొచ్చినవాళ్లను కాసేపు బయట కూర్చోబెట్టమని అడగండి. ఎలా తగిలిందో నిజం చెప్పి, తేదీతో రాయించుకోండి. నోటితో అడగడానికి భయమైతే చీటీ మీద రాసివ్వండి.