మద్దెలదే తప్పు

ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లు లోకంలో కావలసినంత మంది ఉన్నారు. ఎవరు ఆడలేకపోయినా వాళ్ల తరఫున తానే ముందుకొచ్చి, మద్దెల ఓడని వాదించే మనిషి మాత్రం ఆ వీధిలోనే ఉన్నాడు. ఆయన వడ్రంగి. ఏ గురువు దగ్గరా కూర్చోకుండా, విరిగిన కుర్చీలు విప్పి చూసుకుంటూ పని నేర్చుకున్నవాడు. వీధి మొత్తం ఆయన్ని మద్దెల మామయ్య అంటుంది. ఆయన కోడలు మామయ్య అని పైకి అంటుంది, మద్దెల అని లోపల అనుకుంటుంది.

ఆయన సిద్ధాంతం ఒక్కటే. తప్పు మనిషిది కాదు, పనిముట్టుది.

ఒకరోజు అత్తయ్య కూరలో ఉప్పు ఎక్కువేసింది. కొడుకు కంచం పక్కకి జరిపాడు. మామయ్య తొణకలేదు.

"ముందు ఒక గ్లాసు మంచినీళ్లు," అన్నాడు.

ఏ తప్పు విచారించాలన్నా ఆయనకి ముందు మంచినీళ్లు కావాలి. అత్తయ్య నీళ్లు తెచ్చేసరికి ఉప్పు డబ్బాలోని చెంచాని వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తున్నాడు. "ఇంత లోతు చెంచా ఉప్పులో ఎవరు వెయ్యమన్నారు? ఇది ఎవరి చేతిలో ఉన్నా ఇంతే," అని సుత్తి తీసి దాన్ని చదును చేసి ఇచ్చాడు. ఆ తరవాత వారం రోజులు ఇంటిల్లిపాదీ చప్పిడి తిన్నారు.

పక్కింటాయన రోజూ ఆలస్యంగా ఇల్లు చేరడం, భార్య తగువు పడడం వీధికి అలవాటే. మామయ్య ఓ ఆదివారం వాళ్లింటికి వెళ్లి, మంచినీళ్లు అడిగి, గోడ గడియారం విప్పి మళ్లీ బిగించాడు. అప్పట్నుంచి అది అరగంట వెనక నడుస్తోంది. తగువులు తగ్గాయి.

కొట్లో దొంగ పడి ఉలులు ఎత్తుకుపోతే తాళాన్ని తిట్టాడు. దొంగ దొరికాక వాడి ఎదుటే మళ్లీ తాళాన్ని తిట్టాడు. నిజమేనన్నట్టు దొంగ తల ఊపాడు.

"మీ మామయ్యకి మనిషి తప్పు కళ్లకి ఆనదే," అని అత్తయ్య కోడలితో అంటూ ఉంటుంది. "నన్ను చేసుకోవడం కూడా పెళ్లిచూపుల నాటి కళ్లజోడు తప్పేనంటాడు."

కోడలికి ఆ సంగతి కాపురానికొచ్చిన మూడో వారంలోనే తెలిసింది. మొగుడితో మాటా మాటా వచ్చి, ఆ కోపంలో బీరువా తలుపు విసిరి వేసింది. మామయ్య మూడు నెలలు కూర్చుని చేసిన బీరువా అది. తలుపుకి బిగించిన నిలువుటద్దం కాస్తా భళ్లున నేల మీద పడింది. మామయ్య వచ్చాడు. పెంకుల్ని చూశాడు, కోడల్ని చూడలేదు.

"ముందు ఒక గ్లాసు మంచినీళ్లు తెచ్చిపెట్టమ్మా."

తెచ్చింది. అప్పటికే ఆయన తలుపు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. "చూశావా, పై బందుకి మర వదులైంది. తలుపు దానంతటదే వచ్చి కొట్టుకుంటుంది. ఎవరి చేతిలో ఉన్నా ఇంతే."

విసిరింది తనేనని ఆమెకి తెలుసు. పాపం, ఈయనకి ఆ మాత్రం తట్టలేదే అనుకుంది. ఎనిమిదేళ్లుగా అలాగే అనుకుంటూ వస్తోంది.

ఆ ఎనిమిదేళ్లూ ఆమె పడగ్గది మూలన మిషను వేసుకుని బట్టలు కుట్టింది. కుట్టు నచ్చి జనం పెరిగారు. గది చాలలేదు. మెయిన్ రోడ్డు మీద, మంచి వెలుతురొచ్చే గది ఒకటి ఖాళీ అయితే మామయ్యే ముందు చూసొచ్చాడు. "కుట్టుపనికి ఉత్తరపు కిటికీ ఉండాలమ్మా. వదులుకోకు," అని అడ్వాన్సుకి నలభై వేల చెక్కు తన ఖాతా మీద రాసిచ్చాడు. ఆయన చెక్కు రాయడం టేకు పలక మీద గుర్తు పెట్టినట్టే ఉంటుంది. అంకెలు గుండ్రంగా, అక్షరాలు నిదానంగా, మిగిలిన ఖాళీలో స్కేలు పెట్టి గీసిన గీత.

నాలుగో రోజు పొద్దున గది యజమాని వచ్చి ఆ చెక్కుని గుమ్మంలోనే కోడలి చేతిలో పెట్టాడు. ఖాతాలో చాలినంత సొమ్ము లేదని బ్యాంకు చీటీ దానికి గుచ్చి ఉంది.

"ఖాతాలో అరవై వేలున్నాయండీ. బ్యాంకువాళ్లే ఏదో పొరపాటు చేసుంటారు," అంది ఆమె. "కావాలంటే రొక్కమే తెచ్చిస్తాం."

"రొక్కం ఇవాళిస్తారు, రేపు అద్దె దగ్గర మళ్లీ ఇదే మొదలెడతారు. చెక్కు తిరిగొచ్చినవాళ్లందరూ బ్యాంకు పొరపాటేనంటారమ్మా. ఆ మాట బ్యాంకువాళ్లే కాగితం మీద అంటే నమ్ముతాను. రెండింటిదాకా చూస్తా. ఫోటో స్టూడియో ఆయన తాళం కోసం కాచుకుని కూర్చున్నాడు."

మామయ్య అప్పుడు కుర్చీ కాళ్లకి బంక పట్టిస్తున్నాడు. ఉన్నవాడు ఉన్నట్టే బంక సీసా చొక్కా జేబులో పడేసి కోడలి వెంట బయల్దేరాడు.

బ్యాంకులో వాళ్ల వంతు వచ్చేసరికి పన్నెండున్నర. మేనేజరు చెక్కు చూసి, కంప్యూటరు చూసి, కౌంటరులో ఉన్న అమ్మాయిని చూశాడు.

"మీ చెక్కు సరిగ్గానే ఉందండీ. మా దగ్గరే ఒక సున్నా ఎక్కువ కొట్టారు. నలభై వేలు నాలుగు లక్షలైంది. అంత సొమ్ము లేదు కాబట్టి వెనక్కి పోయింది."

"ఆ ముక్కే రాసివ్వండి సార్," అంది కోడలు. "రెండు దాటితే నా గది పోతుంది."

"రాస్తాను. కానీ మనిషి పొరపాటంటే దానికో పద్ధతుంది. ఈవిడ వివరణ రాయాలి, నేను పైఆఫీసుకి పంపాలి, జవాబొచ్చాకే మీకు కాగితం. నాలుగు రోజులు అనుకోండి." ఆయన గొంతు తగ్గించాడు, అయినా అందరికీ వినపడింది. "ఈవిడకిది రెండోసారి. ఈసారి పైవాళ్లు ఊరుకోరు."

ఆ అమ్మాయి ప్రసూతి సెలవు ముగించుకొచ్చి పది రోజులైందట. కళ్ల కింద నలుపు. "రాత్రంతా పాప నిద్రపోలేదు సార్. నాదే..." అంటూ ఆగిపోయింది.

కోడలికి ఒళ్లు మండింది. "మీ పాప నిద్రపోకపోతే నా గది..." అని అందుకోబోయింది.

"ముందు ఒక గ్లాసు మంచినీళ్లు," అన్నాడు మామయ్య.

కోడలు నెత్తి కొట్టుకుంది. కౌంటరు అమ్మాయి తనే లేచి నీళ్లకి వెళ్లింది. "మీరు ఆ పాత కాగితం కూడా తీయండి సార్, మొదటిసారి పొరపాటుది," అని మామయ్య మేనేజరుని బీరువా వైపు పంపాడు. కోడలు గోడ గడియారం వంక చూస్తూ నిలబడింది. ఒంటిగంటకి ఐదు నిమిషాలు తక్కువ. ఈయనేమో కౌంటరు మీదుగా వంగి కీబోర్డు తిరగేస్తున్నాడు.

"మామయ్యా, మీకు దణ్ణం పెడతాను. ఇవాళొక్క రోజు పనిముట్లు చూడకండి."

"చూడకపోతే ఎలాగమ్మా? పొద్దస్తమానం దీంతోనే కదా పని."

మేనేజరు ఫైలుతో వచ్చాడు. మామయ్య కీబోర్డు ఆయన ముందు పెట్టాడు. "ఓసారి నలభై కొట్టండి సార్."

మేనేజరు నాలుగు నొక్కాడు, సున్నా నొక్కాడు. సున్నా మీట కిందికి దిగి అక్కడే కూర్చుంది. తెర మీద నాలుగు వెనక సున్నాలు చీమలబారులా బయల్దేరి అంచు దాకా పాకాయి. మేనేజరు కంగారుగా చెయ్యి తీసేశాడు, అవి ఆగలేదు. అంత సొమ్ము ఆ బ్యాంకు శాఖలన్నిటిలో కలిపినా ఉండదు.

"చూశారా," అన్నాడు మామయ్య. "ఆవిడ కొట్టింది నాలుగు సున్నాలే. ఇది ఐదు వేసింది. ఎవరి చేతిలో ఉన్నా ఇంతే."

అప్పుడే నీళ్లతో వచ్చిన అమ్మాయి తెర చూసి తెల్లబోయింది. "పొద్దున్నుంచీ బాగానే..."

"నీకు తెలీదులే తల్లీ. పనిముట్టు మనిషి చూస్తున్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది."

మేనేజరు ముఖం విప్పారింది. ఒక మనిషి మీద పైకి రాయడం ఆయనకీ ఇష్టమున్నట్టు లేదు. "యంత్రం లోపమైతే పైవాళ్లనడగక్కర్లేదు. నేనే రాసిచ్చేస్తా," అని పది నిమిషాల్లో ఉత్తరం తయారుచేసి, ముద్ర కొట్టి, గది యజమానికి ఫోను కూడా చేశాడు. "ఈ కీబోర్డు పారేయిస్తాను," అన్నాడు.

"పారేయకండి సార్. రేపొచ్చి నేను శుభ్రం చేసి పెడతాను. దాని రోగం నాకు తెలిసింది."

కౌంటరు అమ్మాయి గ్లాసు చాపింది. "నీళ్లండీ."

"నాకెందుకమ్మా, నువ్వు తాగు. తెల్లార్లూ మేలుకున్నదానివి."

ఆ అమ్మాయి కీబోర్డు వంక చూసింది, మామయ్య వంక చూసింది, గటగటా తాగేసింది.

బయటికొచ్చాక కోడలు ఉత్తరం కోసం చెయ్యి చాపింది. మామయ్య ఇచ్చాడు కానీ ఉత్తరం రాలేదు. ఆయన బొటనవేలికి అంటుకుపోయింది. ఆమె లాగింది. ఆయన లాగాడు. కాగితం మూల చిరిగి వేలికే ఉండిపోయింది. వేలి మీద బంక తడి ఇంకా ఆరలేదు.

ఆమె ఆ వేలు చూసింది. జేబులో మూత సరిగా బిగించని సీసా చూసింది.

గ్లాసు మంచినీళ్లు గుర్తొచ్చాయి. ఎనిమిదేళ్లలో ఈయన నీళ్లు అడగడమే తప్ప తాగడం ఆమె ఎప్పుడూ చూడలేదు. బీరువా పక్కన మోకాళ్ల మీద కూర్చున్న మనిషి చేతిలో స్క్రూడ్రైవరు ఉండడం గుర్తొచ్చింది. గట్టి బందు వదులు చేయడానికి, తను వంటింట్లోకి వెళ్లి వచ్చేంతసేపు చాలని వడ్రంగి కోడలికి ఇంకొకరు చెప్పాలా?

"మామయ్యా..." అంది.

"రెండులోపు చేరాలి, నడువమ్మా," అన్నాడాయన.

గది దక్కింది. వారం తిరక్కుండా మామయ్య అందులో అరలు బిగించడానికి వచ్చాడు. పై అర గోడల మధ్య పెట్టి చూస్తే రెండు వేళ్ల మేర తక్కువైంది. జీవితంలో పలక కురచగా కోసి ఎరగని మనిషి. కిటికీ వెలుతురులో ఆ పలక పట్టుకుని అలా నిలబడిపోయాడు. పాపం, చెవులు ఎర్రబడ్డాయి.

కోడలు మిషను మీదనుంచి లేచింది.

"మామయ్యా, ముందు ఒక గ్లాసు మంచినీళ్లు తెచ్చిపెడతారా?"

ఆయన ఆమె వంక ఒక క్షణం చూశాడు. పలక దింపి, బయట కుండ దగ్గరికి వెళ్లాడు. నిదానంగా వెళ్లాడు, అంతకన్నా నిదానంగా వచ్చాడు.

అప్పటికి కోడలు ఆయన కొలత టేపు వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తోంది. పక్కన కత్తెర ఉంది. టేపు కొనన ఉన్న ఇనుప కొక్కెం బాగా వంగి ఉంది.

"ఇదిగో, ఈ కొక్కెం వంగిపోయింది మామయ్యా. కొలత తప్పక ఏం చేస్తుంది?"

మామయ్య టేపు చేతిలోకి తీసుకుని, కొక్కెం మీద కత్తెర గీతని గోటితో తడిమి చూశాడు.

"అవునమ్మా," అన్నాడు. "ఎవరి చేతిలో ఉన్నా ఇంతే."

ఆ గ్లాసు మంచినీళ్లు మాత్రం ఆయనే తాగాడు.