అంటని మైల

బాబాయి పోయాడని పిన్ని ఫోను చేసినప్పుడు నేను జగ్గయ్యపేటలో మా అయ్యప్ప సన్నిధానంలో ఉన్నాను. మాల వేసుకుని ఇరవై మూడో రోజు. మధ్యాహ్నం భిక్షకు విస్తళ్ళు వేస్తున్నారు. "మీ బాబాయి వెళ్ళిపోయాడ్రా. మిషన్ మీద తల పెట్టుకుంటే కునుకు తీస్తున్నాడనుకున్నా" అంది. ఏడవలేదు. "తంతులేవీ వద్దనేవాడు. మొయ్యటానికి నలుగురు చాలనేవాడు. ముగ్గురున్నార్రా" అని పెట్టేసింది.

మీలో చాలామందికి ఆయన తెలియదు. నందిగామ పాత బస్టాండు వెనక సందులో టైలరు. పిల్లల్లేరు. ఇరవై ఏళ్ళు మా అందరికీ గురుస్వామి. నాకే కాదు, ఆ రోజు నాతో పాటు విస్తళ్ళ ముందు కూర్చున్న పదకొండుమందికీ మొదటి మాల వేసింది ఆయనే. మా నల్ల చొక్కాలు, ఇరుముడి సంచులు ఆయనే కుట్టేవాడు. నా బట్టల కొట్టు నుంచి నల్ల గుడ్డ తానులకు తానులు ఆయన దగ్గరికే వెళ్ళేది. దారం పోగు పళ్ళ మధ్య పెట్టుకునే మాట్లాడేవాడు కాబట్టి సగం మాటలు అర్థమయ్యేవి కావు. కొండ ఎక్కేటప్పుడు అందరికన్నా వెనక నడిచేవాడు. "ముందు నడిచేవాడికి స్వామి ఉన్నాడు, వెనకబడ్డవాడికి ఎవడో ఒకడు ఉండాలిగా" అనేవాడు.

ఏడేళ్ళ కిందట, కార్తీకం ఇంకా రాకముందే, మమ్మల్నందర్నీ కొట్టుకి పిలిచాడు. ఆ రోజు నోట్లో దారం లేదు.

"నాకు నమ్మకం పోయిందయ్యా. ఎప్పుడు పోయిందో నాకే తెలీలా. నమ్మకం లేనోణ్ణి మీ మెళ్ళో మాల వెయ్యకూడదు. ఇంకొకళ్ళని చూసుకోండి" అన్నాడు.

అంతే. కోపం లేదు, గొడవ లేదు, కారణమూ లేదు. మాకేమో కారణం కావాలి. దొరక్కపోతే మేమే పుట్టించాం. మతం మారాడన్నాం. ఎర్రజెండా వాళ్ళలో కలిశాడన్నాం. ఆయన ఎక్కడా చేరలేదు. పొద్దున్నే కొట్టు తీసేవాడు, పొద్దుగూకాక కట్టేసేవాడు.

కొత్తగా గురుస్వామి అయినవాడు, తను కన్నెస్వామిగా మొదటిసారి వచ్చిన ఏట జ్వరమొస్తే మా బాబాయి వీపు మీద కొండ దిగినవాడు. మాల వదిలేసినవాడి చేత్తో కుట్టిన గుడ్డ దీక్షకు పనికిరాదని తేల్చింది వాడే. ఆ మాట బాబాయికి చేరితే, "గుడ్డకి భక్తెందుకురా, కొలత సరిపోతే చాలు" అని నవ్వాడట. నల్ల గుడ్డ వేరే టైలరుకి పంపించింది మాత్రం నేనే.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతున్నాను. ఉన్నవాళ్ళ గురించి కూడా మంచే చెప్పాలని ఎవరూ అనలేదు. అందులో నన్ను కలుపుకునే రాస్తున్నాను. ఆయన మాల వదిలేసిన మొదటి ఏడాది, మేం ఇరుముడి కట్టుకునే రోజున బాబాయి వచ్చి వెనక నిలబడ్డాడు. నా మూట ముడి వదులుగా ఉంది. చూసి ఉండలేక ముందుకొచ్చి, బిగిద్దామని చెయ్యి చాచాడు. నేను మూటని గుండెకి లాక్కున్నాను. ఆయన తన చేతి వంక చూసుకుని, "ముడి జారుద్ది, చూసుకో" అని వెళ్ళిపోయాడు. పంప దగ్గర జారింది కూడా.

ఇక ఆ మధ్యాహ్నం. రక్తసంబంధీకులు పోతే మాల తియ్యాలి, అది దీక్షలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. తియ్యమని గురుస్వామి ముందు తల వంచాను.

"తియ్యక్కర్లేదు స్వామీ" అన్నాడు. "మాల వదిలేసినోడు మనోడెట్టా అవుతాడు? ఆయన పోతే మీకు మైల అంటదు. పిన్నిగారిని ఫోన్లో పలకరించి వచ్చి కూర్చోండి. విస్తరి వేశారు."

పదకొండుమందీ విస్తళ్ళ మీద నీళ్ళు చల్లుకున్నారు. నేను చాలా తిట్లు విన్నాను, కొన్ని తిట్టాను కూడా. ఇలాంటిది వినలేదు. కుక్క చచ్చినా చూసినవాడు కాళ్ళు కడుక్కుంటాడే! మా నాన్న తోడబుట్టినవాడు చస్తే మైల కూడా లేదట. నా మాల నేనే తీసి జేబులో పెట్టుకుని బండెక్కాను. చిల్లకల్లు దాటేదాకా తిడుతూనే ఉన్నాను.

నందిగామలో సైకిల్ షాపు సాయిబు గారు, టీ కొట్టాయన, ఇంటి ఓనరుగారబ్బాయి ఎదురుచూస్తున్నారు. నాలుగో భుజం నాది. ఏడేళ్ళ తర్వాత ఆయనకి అంత దగ్గరగా నడిచాను. మున్నేటి ఒడ్డున నిప్పు పెట్టాను. కాలాక అందరూ ఏట్లో దిగి మునిగారు. "దిగు నాయనా" అన్నారు సాయిబు గారు. నేను దిగలేదు. కావాలనే దిగలేదు. ఆ పొగ వాసనతోనే, తడవని తలతోనే తిరిగి జగ్గయ్యపేట వచ్చాను.

సన్నిధానంలో సాయంత్రం పూజకి దీపాలు వెలిగిస్తున్నారు. గడప దాటి లోపలికి వెళ్ళాను.

"గురుస్వామీ, నాకు మైల అంటదన్నారుగా. వచ్చేశా. ఒక్కసారి నా చెయ్యి పట్టుకోండి."

వెనక్కి జరిగాడు. వాడితో పాటు పదకొండుమందీ జరిగారు.

"ముందు స్నానం చేసి రండి స్వామీ" అన్నాడు గోడకి ఆనుకుని.

"ఎందుకు? ఎవరు పోయారని?"

ఒకడు హారతి పళ్ళెం నాకు తగలకుండా పక్కకి లాక్కున్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇప్పటికీ తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు. వాళ్ళ ఇరవై మూడు రోజుల దీక్షా ఆ గడప దగ్గరే గంగలో కలిసింది.

చెయ్యి చాచి అలాగే నిలబడ్డాను. ఎవరూ పట్టుకోలేదు. గోళ్ళ సందుల్లో బూడిద ఉంది. చాచిన చెయ్యి ఎవరూ పట్టుకోకపోతే ఎంత బరువెక్కుతుందో అప్పుడు తెలిసింది. ఆ రోజు బాబాయి తన చేతి వంక ఎందుకు చూసుకున్నాడో కూడా.