అడగకుండా పెట్టే గ్లాసు

మా వీధి చివరి పబ్బులో ఓనరు కన్నా పెద్ద దిక్కు ఎవరని అడిగితే, అందరూ అక్కనే చూపిస్తారు. ఆవిడకి అరవై దాటాయి. ఓనరుకీ అక్కే, ఈ పబ్బు పెట్టిన వాళ్ల మామగారికీ అక్కే, నిన్నగాక మొన్న మీసాలొచ్చిన వాళ్లకీ అక్కే. ఇరవై రెండేళ్లుగా ఆ హాల్లో పళ్లాలు పట్టుకుని తిరుగుతోంది. నేను వంటమనిషిని. పద్నాలుగేళ్లుగా పొయ్యి ముందు నిలబడి ఉన్నాను. నాకూ హాలుకూ మధ్య గోడలో ఒక కిటికీ ఉంది. ప్లేట్లు అందులోంచి బయటికి వెళ్తాయి, మాటలు అందులోంచే లోపలికి వస్తాయి. నేను చెప్పబోయేదంతా ఆ కిటికీలోంచి చూసిందే.

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. సూప్ నోరు కాలుస్తోందని ఒకాయన వెనక్కి పంపుతాడు. అదే సూప్ చల్లారిపోయిందని పక్క టేబుల్ ఆవిడ పంపుతుంది. చేప ముందు పెట్టుకుని పావుగంట ఫోటోలు తీసి, ఆనక చేప చల్లగా ఉందని మొహం మాడ్చుకునేవాళ్లు ఇంకొందరు. నాకు ఒళ్లు మండిపోతుంది. అక్కకి మండదు. ఆకలి మీదున్నారు పోన్లేవే, అంటుంది. ఆవిడ పోన్లే అన్నప్పుడల్లా నేను గరిటెతో బాణలి అంచుని ఒక్కటిస్తాను. అలా మా ఇద్దరికీ సరిపోయింది.

అక్కకి ఒక పద్ధతుంది. ఎవరినీ ఏం కావాలని అడగదు. కొత్తవాళ్లని మొదటిసారి అడుగుతుంది, అంతే. రెండోసారి వచ్చేసరికి వాళ్లు కుర్చీ లాక్కునేలోపు టేబుల్ మీద ఉండాల్సింది ఉంటుంది. పోస్టుమ్యాన్‌కి మిరియాలు ఎక్కువేసిన ఆమ్లెట్. రిటైరైన డ్రాయింగు మాస్టారికి సగం గ్లాసు వైను, అంచులు తీసేసిన రొట్టె. ఆసుపత్రి డ్యూటీ దిగి వచ్చే నర్సులిద్దరికీ ఒకటే గిన్నెలో సూప్, రెండు చెంచాలు. కాగితం లేదు, కలం లేదు. ఇంత బుర్ర ఎక్కడిదక్కా అంటే నవ్వేది.

అది బుర్ర కాదని నాకు తర్వాత తెలిసింది. అక్క వాళ్లాయన బస్సు డ్రైవరు. నలభై రెండో ఏట కళ్లు పోవడం మొదలై, ఉద్యోగం పోయింది. మనిషికి అభిమానం జాస్తి. చెప్పులెక్కడ, చొక్కా ఎక్కడ అని పెళ్లాన్ని అడగడం కూడా నామోషీ. అడగలేక చీకట్లో తడుముకుంటూ గోడలకి తగులుకునేవాడట. అందుకని ఆయన చెయ్యి చాచకముందే అక్క అన్నీ చేతికి అందించడం నేర్చుకుంది. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ అలవాటు మాత్రం ఈ హాల్లో మిగిలింది. ఎదుటివాడితో అడిగించుకోకుండా పెట్టడమే మర్యాద అని ఆవిడ నమ్మకం.

తాళాలాయన పదకొండేళ్లు మా దగ్గరికి వచ్చాడు. ఎదురు సందులో తాళంచెవులు చేసే చిన్న కొట్టు ఆయనది. భార్య పోయిన ఏడాది నుంచి నాలుగింటికి కొట్టు కట్టేసి, స్తంభం పక్క టేబుల్ దగ్గర కూర్చునేవాడు. కూర్చోగానే అక్క పెద్ద గ్లాసు బీరు పెట్టేది. మొదటి గ్లాసు అడుగు కనపడకముందే రెండోది. ఆపైన మూడోది, నాలుగోది. గొడవ లేదు, గోల లేదు. అక్కతో నాలుగు మాటలాడి, తూలకుండా లేచి వెళ్లిపోయేవాడు. మా సామాన్ల గది తాళం పట్టేస్తే ఆయనే వచ్చి బాగుచేసేవాడు. రెండేళ్లుగా ఆయన చేతులు వణకడం నేను చూశాను. వయసు అనుకున్నాను. అక్కా అదే అనుకుంది.

ఉన్నట్టుండి ఒకరోజు రాలేదు. మర్నాడూ రాలేదు. కొట్టు మూసేసి కూతురింటికి వెళ్లాడట అని పోస్టుమ్యాన్ చెప్పాడు. ఎందుకో ఆయనకీ తెలియదు. నాలుగు నెలలపాటు అక్క నాలుగయ్యేసరికి తలుపు వైపు ఒకసారి చూసి, తన పని తను చేసుకునేది.

ఆ మధ్యలోనే మా ఓనరుకి కొత్త పిచ్చి పట్టింది. ప్రతి కస్టమరునీ ఏం కావాలో అడగాలి, ట్యాబ్‌లో నొక్కాలి, ప్రతి టేబుల్ మీదా ఒక కార్డు పెట్టాలి. కార్డు మీద 'మీ అనుభవం ఎలా ఉంది?' అని రాసి, కింద అయిదు నక్షత్రాలు. నచ్చినన్నింటికి రంగు వెయ్యాలి. దానికో రంగు పెన్సిలు కూడా. అక్క ట్యాబ్‌ని కౌంటరు మీద బోర్లా పడేసింది. తెలిసినవాళ్లని ఏం కావాలని అడగడం మొహం మీద తలుపేసినట్టు ఉంటుందయ్యా, అని ఓనరుకి చెప్పింది. అడగకపోతే ఈ నెలాఖరుతో సరి అన్నాడు ఆయన. అక్క సరేనని ఊరుకుంది, పద్ధతి మాత్రం మార్చలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం హాలు కిటకిటలాడుతోంది. తలుపు తోసుకుని తాళాలాయన వచ్చాడు. శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. వెంట కూతురు, ఆరేళ్ల మనవరాలు. భోజనాల వైపు, వీధి కిటికీ దగ్గర కూర్చున్నారు. చేతులు చూశాను. వణుకు లేదు.

అక్క మొహం చూడాలి అప్పుడు. చేతిలో ప్లేట్లు ఎవరి టేబుల్ మీద దించిందో కూడా చూసుకోలేదు. గబగబా కౌంటరు దగ్గరికి వెళ్లి, పెద్ద గ్లాసు తీసుకుని నిండా పోసి, నురగ సరిచేసి, తీసుకెళ్లి ఆయన ముందు పెట్టింది. ఎన్నాళ్లైందయ్యా నిన్ను చూసి, అంది. గొంతులో సంతోషం నాకు కిటికీలోకి వినపడింది.

ఆయన గ్లాసు వైపు చూశాడు. తర్వాత అక్క మొహం వైపు చూశాడు. కూతురు పిల్ల చేతులు తుడుస్తోంది. పిల్ల ఆ కార్డు మీద నక్షత్రాలకి రంగు వేసుకుంటోంది. ఆయన అక్కని చూసి నవ్వాడు. చెయ్యి గ్లాసు మీదికి వెళ్లింది. ఎత్తాడు.

"నాన్నా."

కూతురు అరవలేదు. అరిచినా బాగుండేది. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది, దించడు, తాగడు. ఇంకా అక్కనే చూస్తున్నాడు. కూతురు అక్క వైపు తిరిగింది. "మానేసి నూట పన్నెండు రోజులైందండీ. ముట్టనంటేనే మా ఇంట్లో ఉండనిచ్చాను. ఇక్కడ కూర్చుని కూడా ముట్టకుండా లేస్తానంటే, నమ్మి తీసుకొచ్చాను."

అక్క గ్లాసు లాక్కుంది. పద్నాలుగేళ్లలో ఆ చేతిలోంచి చుక్క ఒలకడం నేనెరగను. ఆ రోజు సగం గ్లాసు ఆయన ఇస్త్రీ చొక్కా మీద, మిగతా సగం పిల్ల ముందున్న కార్డు మీద పడింది. వాళ్లు ఏమీ తినకుండా లేచి వెళ్లిపోయారు. ఆయన బీరు కంపు కొట్టే చొక్కాతో కూతురి వెనకాల నడిచాడు. తర్వాత ఓనరు వచ్చి కార్డు తీసి దులిపి చూశాడు. పిల్ల అయిదు నక్షత్రాలకీ అప్పటికే రంగు వేసేసింది. దాన్ని ఆరబెట్టి లెక్కలో కలుపుకున్నాడు, మహానుభావుడు. నా చేతిలో అప్పుడు గరిటె లేదు కాబట్టి సరిపోయింది.

రద్దీ తగ్గాక అక్క సామాన్ల గది తలుపుకి ఆనుకుని నిలబడింది.

"వాడు ఎప్పుడైనా నన్ను అడిగాడటే? పదకొండేళ్లలో ఒక్కసారి?"

నేను వెతుక్కున్నాను. నిజంగానే ఒక్కసారీ గుర్తు రాలేదు. మూడో గ్లాసుతో లేచి వెళ్లిపోదామనుకున్న రోజులు వాడికి ఉండవా, నేను నాలుగోది పెట్టేసేదాన్ని కదా, అంది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. నువ్వు పెట్టకపోతే ఇంకో చోటికి పోయి తాగేవాడు, నీ తప్పేముంది అని కసిరాను.

"ఇంకో చోట అడిగి తాగేవాడు" అంది అక్క.

నేను వెళ్లి గిన్నెలు తోముకున్నాను.

మర్నాటి నుంచి అక్క ట్యాబ్ పట్టుకుంది. అందరినీ అడగడం మొదలుపెట్టింది. మీకేం కావాలండీ అంటూ, ఒక్క వేలుతో నొక్కుకుంటూ. పోస్టుమ్యాన్ అయితే నన్ను మర్చిపోయావా అక్కా అని చిన్నబుచ్చుకున్నాడు. డ్రాయింగు మాస్టారు అలిగి నాలుగు రోజులు రాలేదు. నర్సులు మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, ఇవాళ రెండు గిన్నెలు అన్నారు. ఓనరు మహా ఆనందపడిపోయాడు. ఇప్పటికి దారికొచ్చావక్కా అన్నాడు. అక్క ఆయన వైపు కూడా చూడలేదు. అంతకుముందు ఆవిడ హాల్లో గాలిలా తిరిగేది. ఇప్పుడు ఒక్కో టేబుల్ దగ్గరికీ కాళ్లీడ్చుకుంటూ వెళ్లేది. నెలాఖరుకి పని మానేస్తానని తనే చెప్పేసింది. ఆ మనిషి మళ్లీ మొదలుపెట్టాడేమో, కూతురు బయటికి పంపేసిందేమో, ఎవర్నడిగితే తెలుస్తుంది? పొద్దున రావడమే ఆ మాటతో వచ్చేది, వెళ్లడమూ ఆ మాటతోనే. నాకు విని విని విసుగొచ్చింది. పాపం, విసుక్కోలేదు.

పదిహేడు రోజులకి, బుధవారం నాలుగింటికి, తాళాలాయన ఒక్కడే వచ్చాడు. వచ్చి పాత టేబుల్ దగ్గరే, స్తంభం పక్కనే కూర్చున్నాడు. నూనె కాగిపోతోందన్న సంగతి కూడా మర్చిపోయాను.

అక్క ట్యాబ్ పట్టుకుని వెళ్లి నిలబడింది. మీకేం కావాలండీ అంది, తల ఎత్తకుండా.

"నన్ను కూడా 'మీరు' అంటున్నావా అక్కా" అన్నాడు ఆయన.

ఆయనే చెప్పుకొచ్చాడు. ఆ రోజు తనకి తాగాలని లేదట. ఒట్టు పెట్టి చెప్పాడు. ఇన్నాళ్ల తర్వాత అంత ప్రేమగా తెచ్చి పెడితే, నీ మొహం చూసి వద్దనలేకపోయాను అన్నాడు. వైద్యం చేసిన చోట సీసాని ఎలా వద్దనాలో చెప్పారట గానీ, మనిషిని ఎలా వద్దనాలో ఎవరూ చెప్పలేదట. ఉత్త మొహమాటానికి నూట పన్నెండు రోజులూ బూడిదలో పోసుకునేవాణ్ణి అన్నాడు. కూతురు ఇంట్లోంచి పొమ్మనలేదు గానీ, ఆయన మాట నమ్మడం మానేసింది. బయటికి వెళ్లొస్తే చొక్కా వాసన చూస్తోందట.

"అదిగో, ఎదురుగా బస్టాపులో కూర్చున్నారు తల్లీకూతుళ్లు. నేనే రమ్మన్నాను. నన్ను అడుగక్కా. బీరు తేనా అని నువ్వే అడగాలి."

కిటికీలోంచి మెడ సాచి చూశాను. అద్దాల తలుపు అవతల కూతురు బెంచీ మీద కూర్చుని ఇటే చూస్తోంది. పిల్ల కాళ్లు ఊపుతోంది.

అక్క ట్యాబ్‌ని టేబుల్ మీద బోర్లా పెట్టింది.

"బీరు తేనా?"

"వద్దు" అన్నాడు టేబుల్ వైపు చూస్తూ.

"నా మొహం చూసి చెప్పు" అంది అక్క. మీరు పోయింది, నువ్వు వచ్చింది. "బీరు తేనా?"

ఆయన తలెత్తాడు.

"వద్దక్కా."

మరేం తెమ్మంటావు అని అడిగింది. ఆయన అక్క వైపు అలాగే చూశాడు. ఏం చెప్పాలో తెలియలేదు పాపం. పదకొండేళ్లు ఆ కుర్చీలో కూర్చుని, ఏముంటాయో కూడా తెలియని మనిషి. ఏమున్నాయి అని అడిగాడు. అక్క కుర్చీ వీపు పట్టుకుని నిలబడి, సూప్ దగ్గర మొదలుపెట్టి వరసగా మా దగ్గర వండేవన్నీ చెప్పింది.

ఆయన తలుపు వైపు చూశాడు. "ఆమ్లెట్లు. మూడు. వాళ్లని కూడా లోపలికి పిలుస్తాను."

అక్క కిటికీ దగ్గరికి రాలేదు. చుట్టూ తిరిగి వంటగదిలోకే వచ్చి, మూడు ఆమ్లెట్లు అని చెప్పి, బంగాళాదుంపల బస్తా మీద కూర్చుండిపోయింది. డ్యూటీ వేళ ఆవిడ కూర్చోవడం నేను పద్నాలుగేళ్లలో చూడలేదు. చెప్పుల్లోంచి పాదాలు బయటికి తీసింది. వాచి ఉన్నాయి. ఎన్నాళ్లుగా అలా వాచాయో నాకు తెలియదు, నేనెప్పుడూ కిటికీలోంచి నడుము పైదాకే చూశాను.

గుడ్లు కొట్టి గిన్నెలో గిలకొడుతూ, నాకే తెలియకుండా అడిగేశాను.

"నీకేం కావాలక్కా?"

ఆవిడ నా వైపు అలాగే చూసింది. ఏమున్నాయి అని అడిగే ముందు ఆయన చూశాడే, అచ్చం అలా. గిలకొట్టింది పెనం మీద పోశాను, అంచులు లేచాయి.

"కాసేపు కూర్చోనీవే" అంది.

మూడు ఆమ్లెట్లూ నేనే పట్టుకెళ్లాను.