అత్త పడుకుంది

పోయిన ఆదివారం మధ్యాహ్నం, అన్నయ్య మనవరాలు బెంగళూరు నుంచి ఫోన్ చేస్తే, పక్కనే మడతమంచం మీద నేను కళ్ళు తెరుచుకుని కూర్చుని ఉండగానే, వదిన ఏ తడబాటూ లేకుండా "మామ్మ పడుకుందమ్మా" అనేసింది. నాకు గుండె ఆపరేషన్ చేయాలని రాజమండ్రి డాక్టరుగారు చెప్పిన సంగతి, కాలేజీ పరీక్షలయ్యేదాకా ఆ పిల్ల చెవిన పడకూడదని ఇంట్లో వాళ్ళ ఉద్దేశం. సరిగ్గా ఆ మాటే, ఈ వదిన నోటే, నా చిన్న వయసులో ఫోనులో విన్నాను.

ఇంటి కబురు కోసం ఎస్టీడీ బూత్‌ల ముందు ఆదివారాలు పడిగాపులు పడ్డ మన తరానికి ఇలాంటి మాటల సంగతి వేరే చెప్పక్కర్లేదు. పీహెచ్‌డీ అయ్యాక, పర్మనెంటు ఉద్యోగం దొరికేదాకా రెండు మూడేళ్ళకో ఊరు మారుతూ చేసే పరిశోధన అప్పట్లో నాది. దూరపు గెలాక్సీలు ఎలా పెరిగాయి, వాటిలో కొత్త నక్షత్రాలు పుట్టడం ఎప్పుడు ఆగిపోయింది అన్నది, వాటి వెలుగు రంగును బట్టి తేల్చడం నా పని. తల్లిలేని నన్ను పెంచిన మేనత్తకి ఇదంతా వేళాకోళం. కడియంలో మా నర్సరీలో మల్లె కొమ్మలు మట్టిలోకి వంచి అంట్లు తొక్కుతూ, "ఏంటే, నీ చుక్కల గోల ఇంకా తెమల్లేదా? ఉద్యోగం ఎప్పుడు ఖాయమవుద్దే?" అనేది. ఖాయమైన రోజున మొదట తనకే చెప్పాలని నా చేత ఒట్టు వేయించుకుంది.

చివరికి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. ఆ రోజుల్లో ఎప్పుడు ఫోన్ చేసినా వదినే ఎత్తేది. అత్త పడుకుంది, అత్త తోటలో ఉంది, అత్త కోరుకొండ మీద గుడికి వెళ్ళింది. ఈ వయసులో కొండెక్కడం ఏంటో ఈవిడకి అని నవ్వుకున్నానే గాని, అనుమానపడలేదు. ఎక్కడో గెలాక్సీ ఎప్పుడు ఆరిపోయిందో చెప్పగలదాన్ని, వదిన గొంతులో మాత్రం ఏమీ పోల్చుకోలేకపోయాను.

ఉద్యోగం వచ్చింది. అత్తకి ముదురాకుపచ్చ చీర కొనుక్కుని, చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చాను. గేటు దగ్గరే వదిన నన్ను ఆపి, లోపలికి రానివ్వకుండా బోరింగు దగ్గరికి తీసుకెళ్ళి, కట్టుబట్టలతోనే నెత్తిన బిందెడు నీళ్ళు కుమ్మరించింది. చావు కబురు విన్నవాళ్ళు తలస్నానం చేశాకే గడప దాటడం మనవైపు ఆచారం కదండీ. పాపం, కబురు చెప్పడానికి నోరు పెగలక ముందు నీళ్ళు పోసేసింది. అత్త పోయి నెల దాటిందట. "ఇంటర్వ్యూ చెడిపోద్ది, దానికి చెప్పకండని మంచాన పడ్డప్పుడు ఆవిడే అందమ్మా" అని వదిన నన్ను పట్టుకుని ఏడ్చింది. చేతిలోని చీర తడిసి ముద్దయింది.

తర్వాత నా ఉద్యోగకాలమంతా, తెర మీద ఏ గెలాక్సీ బొమ్మ చూసినా, ఈ వెలుగు బయల్దేరాక అది ఏమైపోయిందోనని బెంగ పుట్టేది. వెనకాల వదిన నిలబడి, పడుకుంది, పడుకుంది అంటున్నట్టే ఉండేది.

అందుకే మొన్న ఆదివారం వదిన చేతిలో ఫోన్ లాక్కుని, "పడుకోలేదే, మెలకువగానే ఉన్నాను" అని పిల్లకి ఉన్నదంతా చెప్పేశాను. రేపే బయల్దేరుతున్నానంది. మరి నీ పరీక్షల మాటో అంటే నన్నే కసిరింది. వదిన కళ్ళొత్తుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఇప్పుడు కాలం మారి పిల్లలకి సంగతి చెప్పి, ఏం చేస్తావని అడుగుతున్నాం, వాళ్ళూ తేల్చి చెబుతున్నారు. అప్పట్లో నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే ఆ ఇంటర్వ్యూ వదులుకుని అత్త దగ్గరికి వచ్చేదాన్నా? వచ్చేదాన్ననే అనుకుంటాను గాని, నిజం నాకీనాటికీ తెలియదు.